ఇంటిపేరు దగ్గర ఆగిన స్కాలర్‌షిప్

కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్లి, అక్కడ గడించిన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చిన మల్లాడి సత్యలింగం నాయకర్ పేరు కాకినాడ పొలిమేర దాటితే పెద్దగా వినిపించదు. యల్లాప్రగడ సుబ్బారావు పేరు మాత్రం సైన్సు మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లందరికీ తెలుసు. ఈ రెండు పేర్లకూ ముడి ఉంది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు 1920ల్లో హార్వర్డ్ వెళ్లాలనుకున్నప్పుడు చేతిలో డబ్బు లేదు. నాయకర్ పేరిట కాకినాడలో నడుస్తున్న ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగతాది మామగారు సర్దారు. బోస్టన్‌లో దిగాక సుబ్బారావు ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ చదువు సాగించారు. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బులో వాడే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది తర్వాతి కాలంలో ఆయన నడిపించిన బృందమే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1895లో పదహారేళ్ల సరోజిని (తర్వాత సరోజినీ నాయుడు) నిజాం ఇచ్చిన ఉపకారవేతనంతో హైదరాబాద్ నుంచి ఇంగ్లండుకు ఓడెక్కింది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరారు. ఆనాడు ఇలాంటి సాయం దొరకాలంటే రాజుగారి కంట పడాలి, లేదా ఊళ్లో ఒక ధర్మాత్ముడు ఉండాలి. ఇప్పుడు ఆ అవసరం లేదు. కేంద్రం, రాష్ట్రాలు, కంపెనీలు, ప్రవాసాంధ్రులు, ట్రస్టులు ఏటా విద్యార్థుల కోసం, సేవా సంస్థల కోసం నిధులు కేటాయిస్తూనే ఉన్నారు. కానీ ఆ డబ్బుకీ, అది చేరాల్సిన పిల్లకీ మధ్య ఒక ఆధార్ కార్డు, ఒక ఆదాయ ధ్రువపత్రం, ఒక ఆఖరి తేదీ నిలబడి ఉంటాయి. చాలా చోట్ల పని ఆగేది అక్కడే.

ఎనిమిదో తరగతి పిల్లల కోసం పెట్టిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ సంగతే చూద్దాం. బడుల్లో అందరూ ఎన్‌ఎంఎంఎస్ అనే అంటారు. పదో తరగతి చేరకముందే బడి మానేసే పేదింటి పిల్లలను నిలబెట్టాలని కేంద్రం 2008లో దీన్ని మొదలుపెట్టింది. దేశం మొత్తమ్మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921. ఎంపికైన పిల్లకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12 వేల రూపాయల చొప్పున నాలుగేళ్లలో 48 వేలు వస్తాయి. మొదట్లో నెలకు 500 ఇచ్చేవారు, 2017 నుంచి దాన్ని 1,000 చేశారు. కూలి పనులకు వెళ్లే ఇంట్లో, ఆడపిల్లను ఇంటర్‌కు పంపాలా వద్దా అని మాట్లాడుకునే రాత్రి, ఆ వెయ్యి రూపాయలు పిల్ల పక్షాన నిలబడతాయి.

ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదువుతూ, ఏడో తరగతిలో కనీసం 55 శాతం మార్కులు వచ్చి, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని పిల్లలు ఎవరైనా పరీక్ష రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ప్రభుత్వ గురుకులాల పిల్లలకు మాత్రం అవకాశం లేదు.

పరీక్షలో రెండు భాగాలు. మొదటిది మెంటల్ ఎబిలిటీ. ఒక వరుసలో తర్వాతి అంకె ఏది, నాలుగింటిలో వేరుగా ఉన్నది ఏది, అద్దంలో ఈ బొమ్మ ఎలా కనిపిస్తుంది లాంటి ప్రశ్నలు 90. రెండోది ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సాంఘికం, లెక్కల్లో మరో 90. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఈ చివరి మాట తెలియక ఖాళీలు వదిలేసి వచ్చే పిల్లలు ఉంటారంటే మనసు చివుక్కుమంటుంది.

ఫలితాల జాబితా చూస్తే ఒక్కో మండలంలో ఏదో ఒక బడి పేరు పదేపదే కనిపిస్తుంది. పక్క ఊరి బడి నుంచి ఒక్కరూ ఉండరు. రెండు ఊళ్ల పిల్లల తెలివిలో అంత తేడా ఉండదు. మొదటి బడిలో లెక్కల మాస్టారో, సైన్సు టీచరమ్మో ప్రార్థనకు ముందు గంటసేపు పిల్లలను కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయిస్తారు. ఓఎంఆర్ షీటులో గుండ్రాలు ఎలా నింపాలో పెన్నిచ్చి నేర్పిస్తారు. ఆ వయసు పిల్లలకు అదే కష్టం. జవాబు తెలిసినా 37కు నింపాల్సిన గుండ్రం 38 దగ్గర నింపేస్తారు. అక్కణ్నుంచి వరుస మొత్తం జరిగిపోతుంది. నెల రోజులు నమూనా షీట్ల మీద సాధన చేసిన పిల్ల ఆ పొరపాటు చేయదు. ఇలాంటి ఉపాధ్యాయులకు దీనికి అదనపు జీతం ఏమీ రాదు. వాళ్లను తల్చుకోకుండా ఈ పథకం గురించి రాయడం న్యాయం కాదు.

పరీక్ష నెగ్గడంతో పని అయిపోదు. ఎంపికైన విద్యార్థి వివరాలను నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి, వాటిని బడి ధ్రువీకరించాలి, జిల్లా అధికారి ధ్రువీకరించాలి. ఏటా రెన్యువల్ చేయాలి. పదో తరగతిలో 60 శాతం మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీలకైతే 55. ఇంకొక నిబంధన తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కళాశాలలోనే చదవాలి. పదిలో మంచి మార్కులు వచ్చాయని అప్పుచేసి కార్పొరేట్ కాలేజీలో చేర్పిస్తే మిగతా రెండేళ్ల 24 వేలు రావు. చేర్పించడం, మానడం ఆ ఇంటివాళ్ల ఇష్టం. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

ఇక పేరు గొడవ. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తర్వాత. బడి రిజిస్టరులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. లేదా ఆ పొడి అక్షరం పేరు చివరికి వెళ్లిపోతుంది. లక్ష్మిని ఇంగ్లిష్‌లో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, మరొకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. వెంకట చివర ‘ఏ’ ఒక కార్డులో ఉంటుంది, ఇంకో కార్డులో ఉండదు. ఇంట్లో, బడిలో, ఊళ్లో ఆ పిల్ల ఒక్కతే. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఉత్తరాదిలో ఇంటిపేరు చివర పెట్టుకునే అలవాటుకు తగ్గట్టు తయారైన ఫారాల్లో మన పేర్లు ఇమడవు. దీన్ని పిల్లల తప్పుగానో, తల్లిదండ్రుల నిర్లక్ష్యంగానో చూడటం సరికాదు.

సరిదిద్దుకోవడానికి ఒక క్రమం ఉంది. పదో తరగతి మెమోలోకి వెళ్లేది బడి రిజిస్టరులోని పేరే కాబట్టి ముందు అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత దానికి అక్షరం పొల్లుపోకుండా సరిపోయేలా ఆధార్‌ను దిద్దించాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఇస్తారు. తొందరపడి తప్పు దిద్దిస్తే ఒక అవకాశం వృథా అవుతుంది.

డబ్బు మంజూరయ్యాక కూడా దారి తప్పే చోటు ఒకటుంది. ఇప్పుడు ప్రభుత్వ ఉపకారవేతనాలు చాలావరకు ఆధార్ ఆధారంగా నేరుగా ఖాతాలో జమవుతాయి, దీన్నే డీబీటీ అంటారు. ఫారంలో ఏ ఖాతా నంబరు రాశారన్నది కాదు, ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా ముడిపడిందో అందులోకే డబ్బు వెళ్తుంది. సిమ్ కార్డు కొన్నప్పుడు దుకాణంలో తెరిచిన ఖాతా సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. డబ్బు అందులో కూర్చుంటుంది. తండ్రి మాత్రం పాత పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు కాళ్లరిగేలా తిరుగుతుంటాడు. బ్యాంకులో ‘ఆధార్ సీడింగ్ అయిందా’ అని మాత్రమే అడిగితే సరిపోదు. ‘డీబీటీ కోసం మ్యాప్ అయిన ఖాతా ఇదేనా’ అని అడగాలి.

పదో తరగతి దాటాక కనిపించే పెద్ద అండ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. ఎస్సీ విద్యార్థులకు ఇది 1944 నుంచి, అంటే స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం దీనికి అయిదేళ్లకు 59 వేల కోట్ల రూపాయల పైచిలుకు అంచనాతో కొత్త రూపు ఇచ్చింది. అందులో 60 శాతం కేంద్రానిది, మిగతాది రాష్ట్రాలది. మన దగ్గర దీనికి తోడు 2008-09 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ తరగతుల్లో తమ కుటుంబంలో మొట్టమొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలు కూర్చున్నారంటే దానికి ఈ పథకం ప్రధాన కారణాల్లో ఒకటి. విద్యార్థులు దాన్ని ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అంటారు. మొదటిది కాలేజీ ఫీజు, రెండోది హాస్టలు, తిండి, పుస్తకాల ఖర్చు. తెలంగాణలో ఇంజినీరింగ్‌లో చేరిన బీసీ విద్యార్థి ప్రవేశ పరీక్ష ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే 35 వేల వరకు ప్రభుత్వం భరిస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి.

ఈ పథకానికి ఉన్న జబ్బు బకాయిలు. ప్రభుత్వం దగ్గర నిధులు ఆలస్యమైతే కాలేజీ ఫీజు రాలేదంటుంది, విద్యార్థి సర్టిఫికెట్లు బీరువాలో ఉండిపోతాయి, ఉద్యోగం వచ్చినా చేరలేడు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిల కోసం కొద్దిరోజులు తలుపులు మూసే దాకా వెళ్లాయి. అటు ప్రభుత్వానికీ, ఇటు యాజమాన్యానికీ చెప్పుకోవడానికి కారణాలు ఉంటాయి. మధ్యలో నలిగేది ఆ విద్యార్థి. పేదవాడికి చదువు హక్కుగా ఇచ్చామని చెప్పిన చోట, ఫీజు ఎప్పుడు పడుతుందో తేదీ చెప్పగలగడం కనీస మర్యాద.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక్కటే లోకం అనుకుని ఆగిపోకూడదు. ఇంటర్‌లో మొదటి ఒక శాతంలో నిలిచి మౌలిక సైన్సుల్లో బీఎస్సీ లాంటివి చదివేవారికి కేంద్ర సైన్స్ టెక్నాలజీ శాఖ ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80 వేలు ఇస్తుంది. అందులో 20 వేలు వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే పరిశోధన ప్రాజెక్టుకు. ఈఏపీసెట్, నీట్ మోజులో ఈ స్కాలర్‌షిప్ మాట ఎత్తేవాళ్లు తక్కువ. డిప్లొమా, ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు, ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లకు కూడా ఇస్తారు. దివ్యాంగ విద్యార్థులకు అలాంటిదే సక్షమ్. విదేశాల్లో పీజీ చదవాలనుకునే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల వరకు ఇస్తుంది. బరోడా డబ్బుతో ఓడెక్కిన మనిషి పేరు దానికి పెట్టడం ఎంతో బాగుంది. బీసీ, మైనారిటీ విద్యార్థులకు వేరే పథకాలున్నాయి.

ప్రైవేటు ట్రస్టుల్లో పాతది జె.ఎన్. టాటా ఎండోమెంట్. 1892లో పుట్టిన ఈ నిధి విదేశీ చదువులకు అప్పురూపంలో సాయం చేస్తుంది. రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ అందుకున్న వారిలో ఒకరు. పదో తరగతి పాసైన పేద విద్యార్థుల కోసం ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు శిబులాల్, ఆయన భార్య కుమారి 1999లో కేరళలో మొదలుపెట్టిన విద్యాధన్ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఎంపిక చేస్తారు.

వీటిలో తెలుగు మనసుకు దగ్గరగా తోచేది నార్త్ సౌత్ ఫౌండేషన్. అమెరికాలో స్థిరపడిన రత్నం చిట్టూరి 1989లో దీన్ని స్థాపించారు. అక్కడి ప్రవాస భారతీయుల పిల్లలకు స్పెల్లింగ్, పదసంపద, లెక్కలు, భూగోళం పోటీలు పెడతారు. స్వచ్ఛంద సేవకులే వారాంతాల్లో ఆ పోటీలు నడుపుతారు. వాటి ద్వారా సమకూరిన విరాళాలు ఇండియాలో ఇంజినీరింగ్, వైద్యం లాంటి కోర్సుల్లో సీటు తెచ్చుకున్న పేద విద్యార్థుల స్కాలర్‌షిప్‌లుగా మారతాయి. అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో గెలిచిన భారతీయ సంతతి పిల్లల్లో చాలామంది తర్ఫీదైంది ఈ పోటీల్లోనే. అక్కడ ఒక పిల్ల మైకు ముందు నిలబడి కఠినమైన పదాన్ని అక్షరం అక్షరం పలుకుతుంటే, ఇక్కడ ఒక హాస్టలు గదిలో మరో పిల్ల సెమిస్టరు ఫీజు గురించి దిగులు పడకుండా చదువుకుంటుంది.

విద్యార్థి సంగతి ఇలా ఉంటే, ఊళ్లో గ్రంథాలయమో, సాయంత్రం బడో నడిపే చిన్న సేవా సంస్థ పరిస్థితి మరో రకం. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి, దీన్నే సీఎస్ఆర్ అంటారు. 2022-23లో దేశమంతా కలిపి ఇలా ఖర్చైంది దాదాపు 30 వేల కోట్లు. పెద్ద వాటా చదువుదే.

చిన్న సంస్థకు అది అందాలంటే ముందుగా సొసైటీ లేదా ట్రస్టుగా రిజిస్టర్ కావాలి. పాన్ కార్డు, సంస్థ పేరిట ఖాతా, ఏటా ఆడిట్ తప్పవు. నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు తెచ్చుకోవాలి. ఆ రెండూ వచ్చాక 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్ఆర్-1 ఫారం వేయాలి. ఇంత చేసినా ఒక గడప మిగిలే ఉంటుంది. బయటి సంస్థకు కంపెనీ డబ్బు ఇవ్వాలంటే ఆ సంస్థకు మూడేళ్ల అనుభవం ఉండాలి. ఆ మూడేళ్లూ నడవాలంటే డబ్బు కావాలి.

అందుకే మొదటి మూడేళ్లు ఊరి డబ్బుతోనే గడవాలి. పాత విద్యార్థులు, బెంగళూరులో ఉద్యోగం చేసే ఊరి కుర్రాళ్లు, దుబాయ్‌లో పనిచేస్తూ సెలవులకు వచ్చినవాళ్లు తలా కొంత ఇస్తారు. వాళ్లకు రసీదు ఇవ్వడం దగ్గరే నమ్మకం మొదలవుతుంది. 80జీ ఉంటే దాతకు పన్ను మినహాయింపు వస్తుంది. కానీ 2 వేలకు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే లేదు. ఈ రెండు ముక్కలూ దాతకు ముందే చెప్పాలి. ఇచ్చాక తెలిస్తే మళ్లీ ఇవ్వడు.

విదేశీ విరాళాల దారి ఇంకా ఇరుకు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతికి సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ద్వారానే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, ఒక సంస్థ మరో సంస్థకు అందులోంచి ఇవ్వకూడదు. పెద్ద సంస్థల ద్వారా చిన్నవాటికి అందే సాయం ఈ చివరి నిబంధనతో ఆగిపోయింది. అనంతపురం జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వేలాది స్పెయిన్ కుటుంబాలు పంపే చిన్న మొత్తాలతో బడులు, ఆసుపత్రులు, ఇళ్లు కట్టింది. 2025లో దాని ఎఫ్‌సీఆర్‌ఏ పునరుద్ధరణ చిక్కులో పడినప్పుడు జిల్లాలో జనం ఊరేగింపులు తీశారు. ఆ ఊరేగింపులు చూస్తే ఒక అనుమతి కాగితం మీద ఎందరి బతుకులు ఆధారపడ్డాయో తెలుస్తుంది.

దరఖాస్తు రాయడంలోనూ మెళకువ ఉంది. ‘గ్రామీణ విద్యాభివృద్ధికి కృషి’ అని పేజీలు నింపిన ప్రతిపాదన కంటే, ‘మా బడిలో 6 నుంచి 8 చదివే 43 మందిలో 17 మంది తెలుగు పేరా చదవలేకపోతున్నారు, ఇద్దరు వలంటీర్లతో రోజూ గంటన్నర చొప్పున పది నెలలు కూర్చోబెడతాం, ఇంత ఖర్చవుతుంది’ అనే ఒక్క పేజీ ఎక్కువ దూరం వెళ్తుంది. బడ్జెట్‌లో ‘ఇతర ఖర్చులు’ అని పెద్ద అంకె వేస్తే చదివేవారి కన్ను అక్కడే ఆగుతుంది. చాక్‌పీసులు, బల్బు, వలంటీరు బస్సు చార్జీ విడివిడిగా రాయాలి. మొదటి గ్రాంటు వినియోగ పత్రం గడువులోగా పంపిన సంస్థకు రెండో గ్రాంటు దగ్గర సగం మాటలు తగ్గుతాయి.

అసలు ఇలాంటి చిన్న సంస్థ చేయగల గొప్ప సాయానికి గ్రాంటు అక్కర్లేదు. ఒక లాప్‌టాప్, ఒక ప్రింటర్, రెండు ఆదివారాలు చాలు. బడి వరండాలో బల్ల వేసి, ఎనిమిదో తరగతి పిల్లలందరి ఆధార్ కార్డులూ బడి రిజిస్టరు పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చాలి. తేడా ఉన్నవాళ్ల జాబితా రాసి ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాలి. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టించాలి. ఖాతా ఎక్కడ ముడిపడిందో బ్యాంకులో చూపించాలి. ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదని, స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాడికీ, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగేవాడికీ ఏదీ ఇవ్వొద్దని తల్లులకు చెప్పాలి. ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో ఉంటుంది, దరఖాస్తులు అంతకు చాలా ముందే ముగుస్తాయి. దిద్దిన ఆధార్ చేతికి రావడానికి రోజులు పడుతుంది, తహసీల్దారు సంతకానికి ఇంకొన్ని రోజులు. కాబట్టి ఆ బల్ల వేయాల్సింది నోటిఫికేషన్ వచ్చాక కాదు, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో.